బేసరి మీద పడ్డ ఫోకస్

ఆ ఫోటోని కంప్యూటర్లో 200 శాతానికి పెంచి చూస్తే బేసరిలో రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. రాయిని పట్టుకున్న బంగారు గోళ్ళు, వాటి సందుల్లో ఏళ్ళ తరబడి సున్నిపిండి ఇరుక్కుని నల్లబడ్డ చారలు, అన్నీ కనిపిస్తాయి. దానికి రెండు సెంటీమీటర్ల వెనక ఉన్న కన్ను మాత్రం ఆవిరి పట్టిన అద్దం అవతల ఉన్నట్టుంది. ఆ రాత్రి అమలాపురం లాడ్జిలో మంచం మీద కూర్చుని అలాంటివి 140 ఫ్రేములు చూశాను. కన్ను సరిగ్గా పడ్డవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో మామ్మగారు కళ్ళు మూసుకున్నవి మూడు.

పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళూ పోర్ట్రెయిట్లూ తీస్తున్నవాడికి ఇది సిగ్గుపడాల్సిన లెక్కే. ఎక్కడ తప్పానో, రెండో రోజు ఏం మార్చానో రాసి పెట్టుకుంటే నాకూ పనికొస్తుంది, మాన్యువల్ లెన్సుతో, అంటే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకునే లెన్సుతో, కుస్తీ పడుతున్న ఇంకెవరికైనా పనికొస్తుంది.

పని ఏమిటంటే

కోనసీమలో ఒక పాత మండువా లోగిలి. ఇల్లు విప్పేస్తున్నారు. ఇంటి పెద్దావిడకి 88 ఏళ్ళు. మనవడు డల్లాస్‌లో ఉంటాడు, అతనే ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్లాష్ వద్దు, స్టూడియో లైట్లు వద్దు. మామ్మని ఆ మండువా దగ్గర కూర్చోబెట్టి ఆ వెలుతుర్లోనే తియ్యండి. 24 బై 36 ప్రింటు వేయించుకుంటాను" అన్నాడు. అంగుళాల్లో అన్నమాట. చిన్న ప్రింటైతే ఈ కథంతా ఉండేది కాదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మండువా వెలుతురు గురించి ఫోటోలు తీసేవాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. నాలుగు వైపులా పెంకుల వాలు, మధ్యలో చదరంగా ఆకాశం. వెలుతురు పైనుంచి దిగి, గచ్చు మీద పడి, మళ్ళీ పైకి లేచి మనిషి గడ్డం కింద నీడని నింపుతుంది. రిఫ్లెక్టర్ బ్యాగులోంచి తియ్యను కూడా లేదు.

చిక్కల్లా ఒకటే. మామ్మగారి తల సన్నగా ఊగుతూ ఉంటుంది, ఎవరో చెప్పేదానికి ఔను ఔను అంటున్నట్టు, ముందుకీ వెనక్కీ. పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళకి రెండు నిమిషాల తర్వాత అది కనిపించడం మానేస్తుంది. లెన్సుకి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

కెమెరా సోనీ ఏ7 త్రీ, 24 మెగాపిక్సెళ్ళది. లెన్సు నికాన్ 85 ఎంఎం ఎఫ్ 1.4, ఏఐ-ఎస్ అనే పాత మాన్యువల్ రకం. 1981లో వచ్చిన డిజైను. 620 గ్రాములు, ముందర 72 ఎంఎం ఫిల్టరు పట్టే అంత గాజు. కోఠిలో సెకండ్ హ్యాండులో కొన్నాను. మధ్యలో నికాన్ లెన్సుని సోనీకి కలిపే అడాప్టరు. లెన్సుకీ బాడీకీ మధ్య ఒక్క వైరు లేదు, ఒక్క మాట లేదు. ఫోకస్ చేతిదే, అపెర్చరూ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, ఫోకస్‌లో ఉండే మందం పలచన) చేతిదే.

ఆటోఫోకస్ ఉండగా ఎందుకయ్యా ఈ పంతం అంటే, న్యాయమైన ప్రశ్నే. ఇదే బాడీకి ఇప్పటి 85 ఆటో లెన్సు తగిలిస్తే కన్ను దానంతట అదే పట్టుకుంటుంది, చాలామంది మొహాలకి అది చాలు. కానీ ఆ మనవడు నేను ఇదే లెన్సుతో తీసిన ఫోటో ఒకటి చూసి, అలాగే కావాలన్నాడు. పూర్తిగా తెరిచినప్పుడు ఈ పాత గాజులో గోళాకార దోషం (అంచుల్లోంచి వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చేవాటితో ఒకే చోట కలవకపోవడం) కొంచెం మిగిలి ఉంటుంది. గీత పదునుగానే ఉంటుంది గానీ దాని మీద పలచటి మెరుపు పొర కప్పినట్టుంటుంది. ముడతలున్న మొహానికి అది పట్టుబట్ట. అయినా ముందుజాగ్రత్తగా 24-70 ఆటో లెన్సుతో పది ఫ్రేములు తీసి పక్కన పెట్టాకే దీన్ని బయటికి తీశాను. డబ్బు తీసుకున్న పనిలో సరదా మొదట రాకూడదు.

మొదటి రోజు

మామ్మగారు పడక్కుర్చీలో కూర్చున్నారు. నేను మీటరున్నర దూరంలో మోకాళ్ళ మీద. ఎఫ్ 1.4. ఫోకస్ కుదిరిన అంచుల్ని రంగు చుక్కలతో చూపించే ఫోకస్ పీకింగ్‌ని ఎరుపులో, మీడియంలో పెట్టుకున్నాను. కళ్ళ దగ్గర ఎర్ర చుక్కలు మెరవగానే నొక్కడం. వెనక స్క్రీన్ మీద ఫోటోలు అద్భుతంగా ఉన్నాయి. వెనక స్క్రీన్ మీద ఎప్పుడైనా అద్భుతంగానే ఉంటాయి. అందులో సగం ఊళ్ళో వాళ్ళకి చూపించి మెప్పులు కూడా పొందాను.

రాత్రి లాడ్జిలో తెలిసింది.

తప్పిన 131 ఫ్రేముల్నీ మూడు కుప్పలుగా విడగొట్టాను. ఫోకస్ కంటికి ముందు పడ్డవి ఎక్కువ: బేసరి, కళ్ళజోడు ఫ్రేము, ఒకటి రెండిట్లో పైరెప్ప వెంట్రుకలు. కంటికి వెనక పడ్డవి కొన్ని: కనుకొలకు దాటాక వచ్చే ముడతలు చెక్కినట్టున్నాయి, కనుగుడ్డు మెత్తగా ఉంది. మూడో కుప్పలో ఎక్కడా ఏదీ పదునుగా లేదు, అన్నీ కాస్త కదిలాయి.

ఈ మూడో కుప్ప కారణం చెప్పడానికి నామోషీగా ఉంది గానీ చెప్తాను. చిప్పు లేని లెన్సు పెడితే అది ఎన్ని ఎంఎం లెన్సో బాడీకి తెలియదు. చేతి ఊపుని సరిదిద్దే స్టెబిలైజర్ మెనూలో మనమే 85 అని రాయాలి. అంతకు ముందు వారం 50 ఎంఎం వాడి, ఆ 50 అలాగే వదిలేశాను. చెయ్యి ఎంత ఊగిందో దాన్ని స్టెబిలైజర్ తక్కువ లెక్క వేసుకుంది. అడాప్టరు బిగించగానే ఆ మెనూ తెరవడం ఇప్పుడు నాకు అలవాటైంది.

ముందు పడ్డ కుప్ప దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. అసలు పాఠం అక్కడుంది.

ఎనిమిది మిల్లీమీటర్లు

మామూలు లెక్క ప్రకారం 85 ఎంఎం, ఎఫ్ 1.4, మీటరున్నర దూరానికి ఫోకస్‌లో ఉండే మందం సుమారు 25 మిల్లీమీటర్లు. పర్లేదు, ముక్కు కొస నుంచి కన్ను దాకా సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ లెక్క లోపల 0.03 మిల్లీమీటరు అనే ఒక ఒప్పందం దాక్కుని ఉంది. సెన్సరు మీద అంతకన్నా చిన్న మసక కంటికి తెలియదని. ఎవరి కంటికి? 8 బై 10 అంగుళాల ప్రింటు చేతిలో పట్టుకుని చూసేవాడి కంటికి. 24 బై 36 ప్రింటు గోడకి తగిలిస్తే, మనవాళ్ళు దూరం నుంచి చూసి ఊరుకుంటారా? దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి, చీర అంచు నేత దాకా చూస్తారు. అందుకని నేను 0.01 పెట్టుకుని లెక్కేస్తాను. అప్పుడు ఆ 25 కాస్తా 8కి పడిపోతుంది. నాలుగు అగ్గిపుల్లలు పక్కపక్కన పేరిస్తే వచ్చే మందం.

ఇప్పుడు ఆ నాలుగు అగ్గిపుల్లల్ని మామ్మగారి మొహంలో ఎక్కడ పెట్టాలో చూడండి. బేసరి కంటికన్నా రెండు సెంటీమీటర్ల పైచిలుకు ముందు. కళ్ళజోడు అద్దం కనుగుడ్డుకి 12 నుంచి 14 మిల్లీమీటర్లు ముందు. పైరెప్ప వెంట్రుకల చివర దాదాపు సెంటీమీటరు ముందు. అంటే వీటిలో దేని మీద ఫోకస్ కుదిరినా కన్ను బయటికి పోయినట్టే. "కంటి దగ్గర కుదిరింది కదా" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు.

రెండో కన్ను సంగతి ఇంకా ఘోరం. రెండు కనుపాపల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైన. మొహం 30 డిగ్రీలు పక్కకి తిప్పిస్తే ఒక కన్ను రెండోదానికన్నా మూడు సెంటీమీటర్లు వెనక్కి వెళ్తుంది. ఎఫ్ 1.4 దగ్గర ఆ కన్ను మీద ఆశ వదిలేసుకోవాల్సిందే. కుర్రవాళ్ళ ఫోటోల్లో అదో స్టైలుగా చెల్లిపోతుంది. ఇంటి పెద్దావిడ ఫోటోలో ఒక కన్ను మసగ్గా ఉంటే చూసినవాళ్ళు "ఆ కంటికి శుక్లమా?" అని అడుగుతారు. అడిగారు కూడా.

మరి ఎర్ర చుక్కలు ఎందుకు అబద్ధం చెప్పాయి? అవి అబద్ధం చెప్పలేదు, నేనే వేరే ప్రశ్న అడిగాను. పీకింగ్ అంటే కెమెరా తన చిన్న ప్రివ్యూ బొమ్మలో నలుపు తెలుపుల తేడా గట్టిగా ఉన్న అంచులు వెతికి రంగు పూయడం. బేసరి రాయి తళుక్కు, పక్కన చర్మం నీడ: అంతకన్నా గట్టి అంచు ఆ మొహంలో ఇంకోటి లేదు. కళ్ళజోడు ఫ్రేము, జరీ అంచు ఆ తర్వాత. ఇక 88 ఏళ్ళ కన్ను? రెప్ప వెంట్రుకలు రాలి, నెరిసి ఉంటాయి. కాటుక లేదు. నల్లగుడ్డు అంచు చుట్టూ బూడిదరంగు వలయం వచ్చి కలిసిపోయి ఉంటుంది. అక్కడ పదును కుదిరినా ఎర్ర చుక్క వెలగదు. పైగా పూర్తిగా తెరిచిన పాత లెన్సు కాంట్రాస్టు తక్కువ. పెళ్ళికూతురికి, కాటుక పెట్టి రెప్పలకి మస్కారా వేసిన కంటికి, పీకింగ్ ఇన్నాళ్ళూ నాకు బాగానే పనిచేసింది. ఆ నమ్మకంతోనే మోసపోయాను.

అనుమానం తీర్చుకుందామని లాడ్జిలో తలగడ ఏటవాలుగా నిలబెట్టి దాని మీద దినపత్రిక పరిచి చూశాను. మీడియం పీకింగ్‌లో ఆరేడు వరసల అక్షరాలు ఎర్రబడ్డాయి. బొమ్మలో ఒక ముక్కని పెద్దది చేసి చూపించే మాగ్నిఫైయర్ పెట్టి చూస్తే నిజంగా పదునుగా ఉన్నవి రెండు వరసలే. పీకింగ్‌ని 'లో' మెట్టుకి దించితే నాలుగు వరసలకి తగ్గింది. పీకింగ్ మిమ్మల్ని ఊరి పొలిమేర దాకా తీసుకొస్తుంది, ఇల్లు చూపించదు.

ఇక వెనక పడ్డ కుప్ప. దీనికి కారణం నా పాత రోజులు. నేను పని నేర్చుకున్నది నికాన్ ఎఫ్ఎం2 ఫిల్ము కెమెరా మీద. దాని వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మధ్యలో అడ్డంగా రెండుగా కోసిన చిన్న వృత్తం ఉంటుంది. నిలువు గీత ఏదైనా ఆ కోత దగ్గర విరిగి కనిపిస్తే ఫోకస్ తప్పినట్టు, అతుక్కుంటే కుదిరినట్టు. కనుపాప అంచుని ఆ కోత మీద పెట్టి రింగు తిప్పితే అద్భుతంగా ఉండేది. కానీ ఆ వృత్తం నడిమధ్యనే ఉండేది. అందుకని కన్ను మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, తర్వాత కెమెరా వంచి ఫ్రేము సరిచేసుకోవడం అందరికీ అలవాటు. తర్వాత వచ్చిన ఆటోఫోకస్ డీఎస్ఎల్ఆర్‌లలో ఆ కోత తీసేసి, వ్యూఫైండర్ కాంతిగా కనపడేలా స్క్రీన్లు మార్చారు. ఆ స్క్రీన్ల మీద ఎఫ్ 1.4 లెన్సు పెట్టినా కంటికి కనపడే లోతు ఇంచుమించు ఎఫ్ 2.8 దే. వాటిలో కంటితో చూసి ఫోకస్ చెయ్యలేకపోయినవాళ్ళందరూ తమ కళ్ళు పాడయ్యాయని అనుకున్నారు. నేనూ అనుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఈ సోనీ లాంటి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో మాగ్నిఫైయర్ పెట్టెని ఫ్రేములో ఎక్కడికైనా జరపొచ్చు. అయినా చెయ్యి పాత అలవాటు మానలేదు. మధ్యలో ఫోకస్ చేసి, కన్ను ఫ్రేము పైభాగానికి వచ్చేలా కెమెరా ఆరు డిగ్రీలు వంచాననుకోండి. ఫోకస్ తలం బల్లపరుపు పలకలాంటిది, కెమెరాతో పాటే వంగుతుంది. మీటరున్నర దూరంలో ఆ ఆరు డిగ్రీలకి తేడా సుమారు 8 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడూ కంటికి వెనక్కే. నాకున్న మందమంతా కలిపితేనే 8. అందులో కంటికి వెనక మిగిలేది నాలుగే. కనుకొలకు ముడతలు అంత అందంగా రావడంలో వింతేముంది.

రెండో రోజు

పొద్దున్నే వెళ్ళి ముందు కుర్చీ మార్చాను. పడక్కుర్చీలో మనిషి వెనక్కి వాలి ఉంటారు, నవ్వితే ముందుకొస్తారు, ఆ రాకపోకలు పది సెంటీమీటర్లు. దాని బదులు వీపు నిటారుగా ఉండే చెక్క కుర్చీ మండువా స్తంభానికి ఆనించి వేయించాను. మామ్మగారి తల వెనక చిన్న దిండు, అది స్తంభానికి ఆని ఉంటుంది. తల ఆనగానే ఆ ఊపు చాలా మటుకు తగ్గిపోయింది. ఇంతకన్నా పెద్ద మార్పు ఆ రెండు రోజుల్లో ఇంకోటి లేదు. దీనికి లెన్సుతో సంబంధమే లేదు, ఒక దిండు.

తల వెనక్కి ఆనితే గడ్డం కాస్త పైకి లేస్తుంది. కెమెరా పాత ఎత్తులోనే ఉంటే ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి, నుదురు ఫోకస్ తలం దాటి వెనక్కి పోతుంది. అందుకని ఈసారి కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, పాత ఎత్తుకన్నా నాలుగంగుళాలు పైకెత్తి, మొహమూ సెన్సరూ ఎదురెదురు పలకల్లా ఉండేటట్టు చూసుకున్నాను. మొహం సూటిగా కెమెరా వైపు. రెండు కళ్ళూ ఒకే తలంలో.

తర్వాత వెనక్కి జరిగాను, రెండు మీటర్లకి. అపెర్చరు ఎఫ్ 2 కి దించాను. ఇక్కడ నా లెక్క ఇది: మీటరున్నర దగ్గర ఎఫ్ 1.4 కి 8 మిల్లీమీటర్లు వస్తే, రెండు మీటర్ల దగ్గర ఎఫ్ 2 కి 21 వస్తుంది. వెనకనున్న తలుపులూ గడపా అప్పటికీ మెత్తగా కరిగిపోయే ఉన్నాయి. మనవడు అడిగిన ఆ మెరుపు పొర ఎఫ్ 1.4 దగ్గర ఉన్నంత ఉండదు, సగం ఉంటుంది. నా ఉద్దేశంలో ఆ లెన్సుకి అదే సరైన చోటు. పూర్తిగా తెరిస్తే మాగ్నిఫైయర్‌లో చూసినా కుదిరిందో లేదో తేల్చుకోలేని మసక ఉంటుంది. ఎఫ్ 2 కి తిప్పగానే ఆ మసక తెర తొలిగి, కుదిరినప్పుడు టక్కున తెలుస్తుంది. ఇంకో లాభం: అడాప్టరుతో వాడేటప్పుడు లెన్సు అపెర్చరు రింగు తిప్పితే రంధ్రం రేకులు అప్పుడే మూసుకుంటాయి, చూసేదీ తీసేదీ ఒకే అపెర్చరులో. 1.4 లో ఫోకస్ చేసి 2 కి తిప్పి తీస్తే ఇలాంటి లెన్సుల్లో ఫోకస్ కాస్త జరుగుతుంది. ఏ అపెర్చరులో తీస్తారో దాన్లోనే ఫోకస్ చెయ్యండి.

దూరం కొలవడానికి దారం వాడాం. కెమెరా పైన ఒక సున్నా, దాని మీద అడ్డగీత ఉన్న గుర్తు ఉంటుంది, చాలామంది దాన్నెప్పుడూ చూసి ఉండరు. సెన్సరు ఉన్న తలం అది. లెన్సు మీద రాసిన దూరాలన్నీ అక్కణ్ణుంచే కొలుస్తారు. సినిమా సెట్లో ఫోకస్ పుల్లరు (ఫోకస్ చూసుకునే మనిషి) టేపు ఒక కొస కెమెరా దగ్గర పెట్టి రెండో కొస నటుడి మొహం దగ్గరికి తెచ్చేది ఇందుకే. మేం పురికొస తాడు ఒక కొస ఆ గుర్తు పక్కన పట్టుకుని, రెండో కొసన రెండు మీటర్ల దగ్గర ముడి వేశాం. మామ్మగారు కదిలినప్పుడల్లా మా అసిస్టెంటు ఆ ముడిని ఆవిడ కనుకొలకు దగ్గరికి తెచ్చి చూసేవాడు.

"ఏవిట్రా ఈ కొలతలు? జాకెట్టు కుడతావా?" అన్నారావిడ.

లెన్సు మీది దూరం అంకెల్ని మాత్రం నమ్మలేదు. చాలా అడాప్టర్లని కొంచెం పలచగా చేస్తారు, అనంతం దాటి కూడా రింగు తిరగాలని. అందుకని రింగు మీద 2 అని ఉన్నచోట నిజంగా 2 ఉండదు. తాడు పని మామ్మగారిని పాత చోటుకి తేవడం వరకే, ఫోకస్ తేల్చేది కన్నే.

ఏ7 త్రీలో మాగ్నిఫైయర్ రెండు మెట్లు, 5.9 రెట్లు, 11.7 రెట్లు. రెండోది ఎక్కువైపోతుంది. ఆవిడ ఊపిరి తీసినా బొమ్మంతా ఊగుతుంది. 5.9 దగ్గర ఆగి, పెట్టెని ఫ్రేము పైభాగానికి, ఎడమ కంటి మీదకి జరిపాను. ఇక కెమెరా వంచే పని లేదు.

కంట్లో దేన్ని చూడాలి? నేను చూసింది మెరుపు చుక్క. మామూలుగా కంట్లో దీపం ప్రతిబింబం ఉత్త తెల్ల చుక్కలా ఉంటుంది. ఇక్కడ మండువా మొత్తం ఉంది: చిన్న చదరం ఆకాశం, దాని అంచులో పెంకుల పళ్ళు. ఫోకస్ తప్పినప్పుడు ఆ చదరం గుండ్రటి బొట్టవుతుంది. కుదిరేకొద్దీ మూలలు తేలతాయి, చివరికి పెంకుల అంచు రంపంలా కనిపిస్తుంది. ప్రతిబింబం మీద ఫోకస్ చేస్తే కంటి మీద ఎలా పడుతుందని అసిస్టెంటు అడిగాడు. మంచి ప్రశ్న. కనుగుడ్డు ముందు భాగం కుంభాకార దర్పణం లాంటిది. దాని వంపు వ్యాసార్ధం 8 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. దూరపు వస్తువు ప్రతిబింబం అందులో సగం లోతున, అంటే ఉపరితలానికి 4 మిల్లీమీటర్లు లోపల ఏర్పడినట్టు కనిపిస్తుంది. కనుపాప ఉండేది ఇంచుమించు అక్కడే. అద్దంలో చెట్టుని చూసి ఫోకస్ చేసినట్టు ఎక్కడికో పోదు.

రింగుని ఎప్పుడూ ఒక వైపు నుంచే తెచ్చి ఆపాను. ముందుగా పదును దాటించి, వెనక్కి తెచ్చి, మూలలు తేలిన చోట వేలు తియ్యడం. నలభై ఏళ్ళ నాటి మరల్లో కొద్దిగా వదులు ఉంటుంది, రెండు వైపుల నుంచీ తెస్తే రెండు చోట్ల ఆగుతుంది. ఒకసారి అసిస్టెంటుకి ఇచ్చి చూశాను. కుర్రాడు కెనాన్ మీద నేర్చుకున్నవాడు, నికాన్ రింగు దానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది. "అన్నా, దగ్గరికి తెస్తుంటే దూరం పోతోందేంటి" అని తెగ తిప్పాడు.

ఇంత చేశాక రింగు ముట్టుకోకూడదు. ఇది చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఆవిడ కదిలినప్పుడల్లా వెంటబడి తిప్పాలని చెయ్యి లాగుతుంది. మొదటి రోజు నేను చేసింది అదే: మనిషి వెనక రింగు, రింగు వెనక మనిషి, ఎప్పుడూ అర క్షణం ఆలస్యం. రెండో రోజు రింగుని ఒక చోట కట్టేసి, ఆవిడ ఆ చోటికి వచ్చినప్పుడు నొక్కడమే పెట్టుకున్నాను. తల దిండు మీద ఆనితే కళ్ళు తాడు ముడి దగ్గరికి వాటంతటవే వస్తాయి.

మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు ఆ ఊపు మళ్ళీ వచ్చేది. దానికోసం వరసగా నాలుగైదు ఫ్రేములు నొక్కాను. ఉయ్యాల మధ్యలో వేగంగా వెళ్తుంది, కొసల్లో క్షణం ఆగి తిరుగుతుంది. తల ఊపూ అంతే. నేను ఫోకస్ పెట్టింది వెనక కొసన, దిండుకి ఆనే చోట. ఎక్కువసేపు ఉండేది అక్కడే కాబట్టి నాలుగింట్లో ఒకటో రెండో దొరికేవి. షట్టర్ 1/320, ఐఎస్ఓ 400. ట్రైపాడ్ మీద కాబట్టి స్టెబిలైజర్ ఆపేశాను.

ఇరవై నిమిషాలకి మించి ఆవిడ కూర్చోలేరని తెలుసు. మాటల్లో 1996 నవంబరు తుపాను గురించి ఎత్తారు. ఈ స్తంభాన్ని పట్టుకునే తెల్లవార్లూ కూర్చున్నామనీ, తెల్లారి చూస్తే కొబ్బరితోటలో నిలబడ్డ చెట్టు లేదనీ. ఆ మాట చెప్పి ఆగి, మండువా లోంచి పైకి, ఆకాశం కేసి చూసి, మళ్ళీ నాకేసి చూశారు. అప్పుడు నొక్కిన ఐదింట్లో మూడోది.

ఆ రోజు మొత్తం 64 ఫ్రేములు. రెండు కళ్ళూ పదునుగా ఉన్నవి 27. ఆటోఫోకస్ వాళ్ళకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ముందు రోజు తొమ్మిది చూసుకున్నవాడికి పండగ.

ప్రింటు

ఆ మూడో ఫ్రేమే మనవడు ఎంచుకున్నాడు. క్రాప్ చేయలేదు, ఒడిలో చేతుల దాకా ఉంచాను. 6000 పిక్సెళ్ళు 36 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 166, గోడ మీది ప్రింటుకి చాలు. చేతులు మెత్తగా, కళ్ళు నిలబెట్టి చూస్తున్నట్టు. దగ్గరికెళ్ళి చూస్తే ఎడమ కంట్లో పెంకుల అంచు కనిపిస్తుంది. ఇల్లు విప్పేశాక ఆ మండువా మిగిలింది ఆ కంట్లోనే అని మనవడు మెసేజ్ పెట్టాడు. ఆ ముక్క నాకు తట్టలేదు, అతనికి తట్టింది.

పార్సిల్ కట్టే ముందు ప్రింటు తీసుకెళ్ళి మామ్మగారికి చూపించాను. చాలాసేపు చూశారు. వేలితో తన చెంప మీద నిమిరారు.

"కళ్ళు బానే ఉన్నాయి నాయనా. బేసరేవిటీ, ఇలా మసగ్గా వచ్చింది? మా అత్తగారు పెట్టిందది. రాళ్ళు కనపళ్ళేదు."

నిజమే. రెండు మీటర్ల దగ్గర ఎఫ్ 2 కి కంటి ముందు నాకున్నది సెంటీమీటరు. బేసరి రెండు సెంటీమీటర్ల అవతల. లెక్క ప్రకారం అది మసగ్గానే ఉండాలి, ఉంది. ఈ లెక్క ఆవిడకి చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి మొదటి రోజు ఫైళ్ళు తెరిచాను. వాటికి 'చెత్త' అని ఫోల్డర్ పేరు పెట్టి ఉంచాను, అదృష్టం కొద్దీ తీసెయ్యలేదు. రాళ్ళు లెక్కపెట్టగలిగే ఆ ఫ్రేముని 8 బై 12లో వేయించి పంపాను. వాళ్ళబ్బాయిగారు ఫోన్ చేసి, అమ్మ దాన్ని తలగడ పక్కన పెట్టుకుందని చెప్పారు. వచ్చినవాళ్ళందరికీ అదే చూపిస్తోందట.

నా కంప్యూటర్లో ఆ ఫైలు పేరు పక్కన 'ఫోకస్ తప్పింది' అనే ఇంకా ఉంది.